ఫొటోలో రహస్యం దాచే ముందు జాగ్రత్తలు

ఫొటోలోని చిన్న చుక్కల్ని పిక్సెళ్లంటారు. వాటి రంగుల్ని చెప్పే అంకెల్లో చివరి బిట్‌ని (0 లేదా 1) మార్చి, కంటికి కనపడకుండా సందేశం దాచొచ్చు. ఆ ఫొటో మీరు తీసిందే అయ్యుండాలి. నెట్‌లోంచి దించుకున్నదైతే అసలుదాన్ని పక్కన పెట్టి పోల్చితే చాలు, తేడా బయటపడిపోతుంది. దాచడం అయ్యాక మూల ఫొటోని ఫోన్‌లోంచి, గూగుల్ ఫొటోస్‌లోంచి, ట్రాష్‌లోంచి కూడా తీసేయండి.

విజయనగరం గంటస్తంభం వెనకున్న ఖాళీ ఆకాశం ఈ పనికి పనికిరాదు. ఒకే రంగు పరుచుకున్నచోట చిన్న మార్పైనా పరీక్షకి దొరుకుతుంది. సిరిమానోత్సవంలో జనం ఫొటో మేలు: తలలు, చీరల అంచులు, నీడలు, ఏ పిక్సెలూ పక్కదానిలా ఉండదు.

పీఎన్‌జీగానే (పిక్సెళ్లని మార్చకుండా దాచే ఫొటో ఫైలు రకం) సేవ్ చేయండి. పిక్సెళ్ల చివరి బిట్లలో దాచింది జేపెగ్ కుదింపుకి నిలవదు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినా అంతే, లోపలిది పోతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి.

ఎంత పడుతుంది? 1000×1000 పిక్సెళ్ల ఫొటోలో, పిక్సెల్‌కి 3 బిట్ల (ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకి ఒక్కోటి) లెక్కన, సుమారు 375 కేబీ. అంతా నింపకండి, పదో వంతు దాటకపోతేనే నాకు ధైర్యం. తెలుగులో రాస్తే చోటు ఎక్కువ తింటుంది: యూటీఎఫ్-8లో 'క'కి 3 బైట్లు, 'కి'కి గుడి కూడా కలిపి 6.

అన్నిటికన్నా ముఖ్యం: ముందు సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేయండి, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చండి, తర్వాతే దాచండి. దాచినంత మాత్రాన తాళం వేసినట్టు కాదు. పాస్‌వర్డ్ అదే చాట్‌లో పెట్టకండి, కలిసినప్పుడు చెప్పండి.

ఫొటోలోని లొకేషన్ వివరాలు తుడిచేయండి. ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్లో ఈ పని అసలొద్దు.

పంపే ముందు మీకు మీరే పంపుకుని, తిరిగి విప్పి, అక్షరం పొల్లుపోకుండా వచ్చిందో లేదో చూసుకోండి.