అమెరికా కాలేజీ మహిళల టెన్నిస్ జట్టులో అసిస్టెంట్ కోచ్ అవ్వడం ఎలా?

మే నెలలో సీజన్ ముగియగానే అమెరికా కాలేజీల్లో అసిస్టెంట్ కోచ్ పోస్టులు ఖాళీ అవడం మొదలవుతుంది. దరఖాస్తులూ అంతే వేగంగా వచ్చిపడతాయి. చాలావాటిలో ఉండేది ఒకటే పాట: నా యూటీఆర్ (ఆటస్థాయిని చెప్పే రేటింగ్ అంకె) ఇంత, ఫలానా టోర్నీలో ఫలానా అమ్మాయిని ఓడించాను, టెన్నిస్ అంటే నాకు ప్రాణం. హెడ్ కోచ్ వెతికేది అది కాదు. ఎనిమిది, పది మంది అమ్మాయిల ఆటను, క్లాసులను, ప్రయాణాలను, రాకెట్లను చూసుకుంటూ, మ్యాచ్ రోజున నోరు అదుపులో పెట్టుకోగల మనిషి కావాలి. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నాను, కొత్తవాళ్లను ఎంచుకునేటప్పుడూ కూర్చున్నాను. మంచి ప్లేయర్లు ఈ ఉద్యోగాన్ని ఎక్కడ పాడుచేసుకుంటారో చూసి చూసి రాస్తున్నాను.

మన అమ్మాయిలకు ఈ దారి కొత్త కాదు. సహజ యమలపల్లి టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్‌కు, రుతుజా భోసలే టెక్సస్ ఏ అండ్ ఎంకు ఆడారు. అబ్బాయిల్లో సాకేత్ మైనేని అలబామాకు ఆడారు. అలా కాలేజీ టెన్నిస్ ఆడినవాళ్లలో ప్రొఫెషనల్ టూర్‌లో నిలదొక్కుకునేది కొందరే. మిగిలినవాళ్లు చదువు అయిపోగానే రాకెట్ అటకెక్కించాల్సిన పనిలేదు.

1. కావాల్సిన అర్హతలు

బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరి అనుకోండి. కాలేజీ స్థాయిలో ఆడి ఉండాలి, ఏ డివిజన్ అయినా ఫర్వాలేదు (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కాలేజీలను 1, 2, 3 డివిజన్లుగా విడదీస్తుంది). పీటీఆర్ లాంటి టెన్నిస్ కోచ్‌ల సంస్థ నుంచి కోచింగ్ సర్టిఫికెట్, సేఫ్‌స్పోర్ట్ (క్రీడాకారులను వేధింపుల నుంచి కాపాడే) శిక్షణ, సీపీఆర్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు తీసుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ మర్చిపోకండి. చిన్న కాలేజీల్లో జట్టు వ్యాన్ నడిపేది అసిస్టెంటే.

2. చేతికి రావాల్సిన పనులు

రాకెట్ గట్టింగ్ నేర్చుకోండి. దూరపు మ్యాచ్‌కు వెళ్లే ముందు రోజు సాయంత్రం ఆరుగురికీ తలా రెండు రాకెట్లు సిద్ధంగా ఉండాలంటే మెషిన్ దగ్గర నిలబడేది మీరే. ఎవరికి ఏ స్ట్రింగ్, ఎంత టెన్షన్ అన్నది నోటుపుస్తకంలో రాసుకోండి. బంతులు అందించేటప్పుడు చేత్తో వేయండి, రాకెట్‌తో కాదు. చేత్తో వేస్తే అమ్మాయికి దగ్గరగా ఉంటారు, ఆమె పాదాలు కనిపిస్తాయి. అవతలి బేస్‌లైన్ దగ్గర నిలబడి రాకెట్‌తో బంతుల వర్షం కురిపించే కోచ్‌కు చెమట పడుతుంది గానీ, అమ్మాయి కుడికాలు ఎక్కడ పడుతుందో కనపడదు.

3. మొదటి ఉద్యోగం

డివిజన్-1 పేరు కోసం పాకులాడకండి. డివిజన్-2, డివిజన్-3, ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల వేరే క్రీడా సంఘం) కాలేజీల్లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టులు, అంటే మాస్టర్స్ చదువుతూ చేసే కోచింగ్ ఉద్యోగాలు, ఉంటాయి. మాస్టర్స్ ఫీజులో చాలా భాగం, ఒక్కోచోట మొత్తం, కాలేజీయే భరించి నెలకు కొంత స్టైపెండ్ ఇస్తుంది. పెద్ద పేరున్న జట్టులో మూడో కోచ్‌గా బంతులు ఏరడం కంటే, చిన్న కాలేజీలో హెడ్ కోచ్ పక్కన ఒక్కరే అసిస్టెంట్‌గా ఉండడం వెయ్యిరెట్లు మేలు. అక్కడ మొదటి వారం నుంచే షెడ్యూలు, బడ్జెట్, హోటల్ బుకింగ్, రిక్రూటింగ్ అన్నీ మీ మీద పడతాయి. ఇంకొక మాట: డివిజన్-1లో వాలంటీర్ కోచ్ అనే హోదానే 2023 జూలై నుంచి తీసేశారు. ఊరికే పనిచేసి తర్వాత చూద్దాంలే అనే పాత సలహా ఇప్పుడు పట్టుకోకండి.

హెడ్ కోచ్‌కు రాసే ఈమెయిల్ పది లైన్లు దాటకూడదు. వాళ్ల జట్టు గత సీజన్ ఫలితాలు చదివి, ఏ స్థానంలో ఎక్కువ మ్యాచ్‌లు పోయాయో చూసి, దాని గురించి రెండు వాక్యాలు రాయండి. అందరికీ ఒకే ఈమెయిల్ పంపితే మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది.

4. వీసా

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయొచ్చు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పని అందులో ఇమడాలి. డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసేందుకు ఇచ్చే అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) వాళ్లకు దొరికే 24 నెలల పొడిగింపు స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లకు రాదు, కాబట్టి మాస్టర్స్‌లో ఏ కోర్సు తీసుకుంటారో ముందే ఆలోచించండి. యూనివర్సిటీలకు హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీ వర్తించదు, అది మంచి సంగతి. కానీ ఆ ఉద్యోగానికి ఒక నిర్దిష్టమైన డిగ్రీ అవసరమని కాలేజీ నిరూపించాలి, కోచింగ్ పోస్టులకు అది అంత తేలిక కాదు. పైగా 2025 సెప్టెంబరు 21 నుంచి, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల షరతు పెట్టారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని నేరుగా అసిస్టెంట్ పోస్టుకు అప్లై చేసే దారి కన్నా, అక్కడే చదువుకుని అక్కడి నుంచే మారే దారి నయం. ఆఫర్ వచ్చాక కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడేదాకా సంతకం చేయొద్దు.

5. మ్యాచ్ రోజు, కోర్టు పక్కన

ఇక్కడిదాకా చెప్పినవి ఎవరైనా చేయగలరు. ఉద్యోగం నిలిచేదీ, పోయేదీ ఇక్కడే. దయచేసి నిదానంగా చదవండి.

ముందు ఫార్మాట్. కాలేజీ డ్యుయల్ మ్యాచ్‌లో (రెండు జట్ల మధ్య పోటీలో) మొదట మూడు డబుల్స్, ఒక్కొక్కటి ఒకే సెట్. మూడింట్లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింట్. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక పాయింట్. మొత్తం ఏడులో నాలుగు ముందు ఎవరు తెచ్చుకుంటే వాళ్లదే మ్యాచ్. నో-యాడ్ స్కోరింగ్ కాబట్టి 40-40 దగ్గర ఒక్క పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది. ఆరు కోర్టులు ఒకేసారి ఆడుతుంటే కోచ్‌లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అసిస్టెంట్‌కు సాధారణంగా 4, 5, 6 కోర్టులు వస్తాయి. చిన్నచూపు చూడకండి. స్కోరు 3-3 అయ్యాక మిగిలే ఆఖరి మ్యాచ్ తరచూ ఆ కింది కోర్టుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు ఐదో కోర్టు ఊహించుకోండి. మన అమ్మాయి మొదటి సెట్ 4-6తో పోగొట్టుకుంది. రెండో సెట్‌లో 2-3. కుర్చీలో కూర్చుని టవల్ ముఖం మీద వేసుకుంది. మీ దగ్గర 90 సెకన్లు ఉన్నాయి. కొత్త అసిస్టెంట్ ఏం చేస్తారో చెప్తాను: పరుగెత్తుకుంటూ వస్తారు, మోకాళ్ల మీద కూర్చుంటారు, కూర్చున్న మరుక్షణం మొదలుపెడతారు. "సర్వ్‌కు బంతి పైకి విసిరే టాస్ వెనక్కి పోతోంది. కాళ్లు కదలడం లేదు. ఆమె బ్యాక్‌హ్యాండ్‌కు ఆడు. పాజిటివ్‌గా ఉండు. నువ్వు గెలవగలవు." ఐదు ముక్కలు. అమ్మాయి తల ఊపుతుంది, లేచి వెళ్తుంది, మొదటి పాయింట్‌లోనే టాస్ గురించి ఆలోచిస్తూ డబుల్ ఫాల్ట్ చేస్తుంది.

ఇలా చేయండి. మొదటి 30 సెకన్లు ఏమీ మాట్లాడకండి. నీళ్ల సీసా మూత తీసి ఇవ్వండి, ఎండగా ఉంటే మెడ మీద పెట్టుకోవడానికి ఐస్ టవల్ ఇవ్వండి, అంతే. ఆమె ఊపిరి నెమ్మదించేదాకా ఏ మాటా లోపలికి పోదు. తర్వాత ఒకే ప్రశ్న అడగండి, జవాబు ఆమె కళ్లముందు జరిగినదాంట్లోనే ఉండాలి: "ఆమె రెండో సర్వ్ ఎటు వస్తోంది?" ఆమె చెప్తుంది, "నా బ్యాక్‌హ్యాండ్‌కే, కోచ్." అప్పుడు ఒక్కటే సూచన ఇవ్వండి. అది బంతి ఎక్కడ పడాలో చెప్పాలి, చెయ్యి ఎలా తిప్పాలో కాదు: "రెండో సర్వ్‌కు రెండడుగులు లోపలికి రా. క్రాస్ కోర్ట్, లోతుగా." ఇక చాలు. మిగిలిన సెకన్లు నిశ్శబ్దంగా వదిలేసి, అంపైర్ పిలవకముందే మీరు అక్కడి నుంచి లేవండి. ఆమె ఒంటరిగా లేచి నడవాలి.

తర్వాతి విరామంలో కొత్త సూచన పట్టుకుని రాకండి. పాతది పనిచేస్తోందా అని మాత్రమే చూడండి. రెండడుగులు లోపలికి వచ్చి మూడు రిటర్న్‌లు నెట్‌కు కొట్టినా సరే, దానికి ఇంకో రెండు గేములు టైమ్ ఇవ్వండి. సెట్‌లో మొదటి గేమ్ అయ్యాక సైడ్ మారేటప్పుడు కూర్చునే విరామం ఉండదని గుర్తుంచుకోండి. ఆ నాలుగు అడుగుల్లో ప్రసంగం ఇరికించాలని చూసేవాళ్లను చాలామందిని చూశాను.

మ్యాచ్ మధ్యలో టెక్నిక్ మాట్లాడకూడదు. గ్రిప్, టాస్, మోచెయ్యి, వీటి పేరే ఎత్తకూడదు. అవి మంగళవారం ప్రాక్టీస్‌కు. మిగతా కోర్టుల స్కోరు కూడా చెప్పకూడదు. స్కోరుబోర్డు ఎదురుగానే ఉంటుంది, చూడాలనుకుంటే ఆమే చూసుకుంటుంది. "అంతా నీ మీదే ఉంది" అన్న మాట మాత్రం ఏ పరిస్థితుల్లోనూ మీ నోటి నుంచి రాకూడదు. ఇరవై ఏళ్లు నిండని పిల్ల భుజాల మీద మిగిలిన జట్టంతటి బరువు పెట్టే హక్కు మనకు లేదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రమాదం. హెడ్ కోచ్ రెండో కోర్టు నుంచి మీ కోర్టుకు వచ్చి "స్లైస్ ఎక్కువ వేయి" అని చెప్పి వెళ్తారు. మీకు అది తప్పనిపిస్తుంది. పది నిమిషాలుగా ఆ ఆట చూస్తున్నది మీరే, బహుశా మీరే రైటు. అయినా ఆ అమ్మాయికి ఇంకో మాట చెప్పకండి. ఇద్దరు కోచ్‌లు రెండు మాటలు చెప్తే ఆమె రెండూ వినదు. వెళ్లి హెడ్ కోచ్‌తో చెప్పండి, వాళ్లు మార్చుకుంటే వాళ్లే వచ్చి చెప్తారు. హెడ్ కోచ్‌లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. మీ ఆట గురించి ఎవరూ అడగరు. "నీ మాట మీద మాట చెప్పిందా?" అనే అడుగుతారు.

ఈ గొడవ రాకుండా ఉండాలంటే ముందురోజు రాత్రే కూర్చోవాలి. అరచేతిలో పట్టే కార్డు ముక్కలు తీసుకోండి. ఒక్కో అమ్మాయికి ఒక కార్డు. దాని మీద సర్వ్‌కు ఒక లైన్, రిటర్న్‌కు ఒక లైన్, ఆమె కుంగిపోతే ఏ మాటకు లేస్తుందో ఒక లైన్. డబుల్స్‌లో 40-40 అయితే రిటర్న్ ఏ వైపు తీసుకోవాలో ఎంచుకునేది రిటర్న్ చేసే జంటే. అది కూడా కార్డు మీదే రాయండి, కోర్టులో చర్చ పెట్టుకోకండి. హెడ్ కోచ్ చూసి సరే అన్నాక కార్డు జేబులో పెట్టుకోండి. ట్యాబ్లెట్ తెచ్చి గ్రాఫులు చూపించే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. వీడియో, గణాంకాలు మర్నాడు ఆఫీసులో చూడడానికి మంచివే. కోర్టు పక్కన మాత్రం తెర వైపు చూస్తున్న కోచ్ ఆట చూడడం లేదు, అమ్మాయి తల తిప్పి చూసినప్పుడు ఆమెకు కనపడాల్సింది మీ కళ్లు. ఫోన్ బ్యాగ్‌లో ఉండాలి, జేబులో కూడా వద్దు.

లైన్ కాల్ గొడవల్లో తలదూర్చకండి, అంపైర్‌ను పిలవమని మాత్రం అమ్మాయికి ముందే నేర్పండి. అవతలి అమ్మాయి డబుల్ ఫాల్ట్‌కు చప్పట్లు కొట్టకండి. ఓడిపోయి బయటికి వచ్చిన అమ్మాయికి ఆ సాయంత్రం టెన్నిస్ మాట చెప్పకండి, భోజనం పెట్టించండి.

6. రిక్రూటింగ్

డివిజన్-1లో క్యాంపస్ బయట రిక్రూట్ చేయాలంటే ముందు ఎన్‌సీఏఏ నియమాల పరీక్ష పాసవ్వాలి, అదీ ఏటా. టెన్నిస్‌లో విద్యార్థినికి కోచ్‌లు స్వయంగా ఫోన్, మెసేజ్ చేయడం పదో తరగతి ముగిశాక వచ్చే జూన్ 15 నుంచే. అంతకుముందు తల్లిదండ్రులు ఎంత అడిగినా రిక్రూటింగ్ మాటలు వద్దు. ఒక్క పొరపాటు మెసేజ్ కాలేజీ మొత్తానికి తలనొప్పి తెస్తుంది.

మన ఊళ్ల నుంచి తల్లిదండ్రులు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ఒకటే: "ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుందా మేడమ్?" నిజం చెప్పండి. 1972 నాటి టైటిల్ నైన్ (చదువుల్లో ఆడ, మగ వివక్షను నిషేధించే) చట్టం పుణ్యాన మహిళల టెన్నిస్‌కు డివిజన్-1లో ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి, అబ్బాయిలకు నాలుగున్నరే. ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుల కేసులో 2025 కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో ఆ లెక్క పోయి జట్టుకు పది మంది అనే పరిమితి వచ్చింది. పది మందికీ ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు కూడా, అది కాలేజీ బడ్జెట్‌ను బట్టి. డివిజన్-3లో ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఉండనే ఉండదు, చదువును బట్టి, అవసరాన్ని బట్టి ఇచ్చేవే. యూటీఆర్ అంకె ఒక్కటే చూసి ఎంచుకోకండి. వెనకబడిన సెట్‌లో అమ్మాయి ఎలా నడుస్తోందో చూడండి.

7. పై మెట్టు

అసిస్టెంట్, అసోసియేట్ హెడ్ కోచ్, హెడ్ కోచ్, ఇదీ వరస. తొందరపడి ఏడాదికో కాలేజీ మారకండి, రిక్రూట్ చేసిన అమ్మాయి గ్రాడ్యుయేట్ అయ్యేదాకా ఒకచోట ఉంటేనే ఆ జట్టు మీదని చెప్పుకోగలరు. 1982లో మొదటి ఎన్‌సీఏఏ మహిళల టైటిల్ గెలిచిన స్టాన్‌ఫర్డ్‌లో లీలీ ఫరూద్ ఏళ్ల తరబడి ఫ్రాంక్ బ్రెన్నన్ దగ్గర అసిస్టెంట్‌గా ఉండి, 2000లో హెడ్ కోచ్ అయ్యారు, ఆ తర్వాత టైటిళ్లు మీద టైటిళ్లు తెచ్చారు.

హెడ్ కోచ్ పోస్టుకు అప్లై చేసేముందు మీ హెడ్ కోచ్‌కు మీరే చెప్పండి, బయటివాళ్ల ద్వారా తెలియనివ్వకండి. దరఖాస్తుతో పాటు మీరు తయారుచేసిన ఒక సీజన్ షెడ్యూలు, ఒక ప్రయాణ బడ్జెట్, మీరు తెచ్చిన ఆటగత్తెల జాబితా జతచేయండి. సిఫార్సు కోసం ఇచ్చే పేర్లలో మీ దగ్గర ఆడి గ్రాడ్యుయేట్ అయిన అమ్మాయి పేరు ఒకటి తప్పక ఉండాలి, ఆమెను ముందుగా అడిగి పెట్టండి.