నల్లమల సఫారీకి పిల్లలతో వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

వేసవి సెలవులు ఇచ్చారంటే గుంటూరు, విజయవాడల నుంచి చాలామంది శ్రీశైలం బయలుదేరతారు. వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల దాటాక దారంతా పులులున్న అడవే. దర్శనంతో పాటు తుమ్మలబైలు దగ్గర జంగిల్ సఫారీ కూడా చూసొద్దామనుకునేవాళ్లు ఉంటారు. అందరికీ పులి అంటేనే టెన్షన్. నాకైతే ఘాట్ రోడ్డు మీద కారాపి పిల్లల్ని దింపేవాళ్లను చూస్తే భయం.

కోతులకు అరటిపళ్లు పెట్టడం పుణ్యమనుకుంటాం. అలవాటుపడ్డ కోతులు రోడ్డు మీదే కాచుకుని కూర్చుంటాయి, బండ్ల కింద పడి చస్తాయి. చేతిలో కవరు కనిపిస్తే పిల్లల మీదికి దూకుతాయి. తిండి డిక్కీలో పెట్టి అద్దాలు ఎత్తేయండి. కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రిలో రేబిస్ టీకా వేయించాలి. పసుపు, సున్నం లాంటివి పూయొద్దు.

నల్లమలలో కాలినడకన తిరిగేవాళ్లు అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది ఎలుగుబంటి విషయంలో. దానికి చూపు, వినికిడి అంతంతమాత్రం. మనం బాగా దగ్గరికి వెళ్లేదాకా పసిగట్టదు, ఉలిక్కిపడి మీద పడుతుంది. ఎండాకాలం ఇప్పపూల కోసం చెట్ల కిందికి వస్తుంది. చెదపుట్ట కొత్తగా తవ్వి ఉన్నా, పళ్ల గింజలున్న పేడ కనిపించినా అది ఆ చుట్టుపక్కలే తిరుగుతోందని అర్థం. ఒంటికో రెంటికో అని ఒంటరిగా పొదల్లోకి వెళ్లొద్దు. ఆ పని దోర్నాలలోనే చూసుకోండి.

సఫారీ జీపులో నిలబడొద్దు, చేతులు బయటపెట్టొద్దు. ఫోన్ కింద పడితే డ్రైవర్‌కి చెప్పండి గానీ మీరు దిగకండి. “ఇంకాస్త దగ్గరికి పోనివ్వన్నా” అని అతన్ని ఒత్తిడి చేయడం అస్సలు తగదు. అడవిలో జాడలు తీసే పనిలో చాలామంది చెంచులు ఉంటారు, వాళ్లు ఆగమంటే ఆగాల్సిందే. మాటలు ఆపి చెవులు అప్పగిస్తే చాలా తెలుస్తుంది. దుప్పి తోక నిక్కించి, ముందుకాలు నేలకేసి కొడుతూ ఒకేవైపు చూస్తోందంటే అటువైపు పులో చిరుతో ఉండొచ్చు. పిల్లలకు ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి, పులి కనిపించకపోయినా విసుక్కోరు.

తేనెటీగలు లేస్తే చేతులు విసరకుండా, మొహం కప్పుకుని బండిలోకి పరుగెత్తి అద్దాలు మూసేయండి. పాము కరిస్తే కట్లు కట్టి, కోసి కాలయాపన చేయొద్దు. మనిషిని కదలనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ అడవి రోడ్డు మీద బండ్లను వదలరు. చీకటి పడకముందే ఘాట్ దాటేలా గుంటూరు నుంచి పెందలాడే బయలుదేరండి. దారిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు, బండి ఆగితే సాయానికి ఫోన్ కూడా చేయలేం కాబట్టి పెట్రోలు, తాగునీళ్లు దోర్నాలలోనే నింపుకోండి. వానాకాలంలో టైగర్ రిజర్వుల్లో సఫారీలు సాధారణంగా ఆపేస్తారు. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లేవాళ్లు అటవీశాఖ వాళ్లను కనుక్కున్నాకే రూములు బుక్ చేసుకోండి.