లోయరింగ్ స్ప్రింగ్స్ మనమే బిగించుకుందాం – 4వ పాఠం: ఎత్తులో తేడా ఎక్కడుంది?

పోయిన పాఠంలో కారు ఎత్తు తగ్గించే నాలుగు లోయరింగ్ స్ప్రింగులూ బిగించి కారును నేల మీదికి దించాం. ఇక్కడి నుంచే అసలు టెన్షన్ మొదలవుతుంది. 30 మి.మీ. దిగుతుందని డబ్బా మీద ఉంటే, పది కూడా దిగినట్టు కనిపించదు. లేదంటే కారు ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటుంది. ముందు బాగా దిగి, వెనక లేచి నిలబడటమూ మామూలే. వెంటనే స్ప్రింగు ఊడదీయకండి. ఈ పాఠంలో స్పానర్‌తో పని తక్కువ, టేపుతో పని ఎక్కువ.

వేళ్ల లెక్క వద్దు

టైరుకీ, దాని పైనున్న బాడీ రేకు అంటే ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్లు పడతాయా, మూడు పడతాయా అని చూడటం మనవాళ్ల అలవాటు. చాలా కార్లలో ముందు వీల్ ఆర్చ్ (చక్రం పైనున్న వంపు), వెనక వీల్ ఆర్చ్ ఒకే ఎత్తులో ఉండవు. షోరూమ్ నుంచి వచ్చిన రోజే ఆ సందుల్లో తేడా ఉంటుంది. నేల నుంచి ఫెండర్ దాకా కొలిచినా లాభం లేదు, టైరులో గాలి తగ్గితే ఆ లెక్క మారిపోతుంది. చక్రం సరిగ్గా మధ్య నుంచి నిటారుగా పైకి, ఫెండర్ అంచు వరకు కొలవండి. ఈ పాఠంలో ఎత్తు అన్న ప్రతిచోటా ఈ కొలతే అనుకోండి.

కొలిచేటప్పుడు కార్లో ఎవరూ కూర్చోకూడదు. డిక్కీ ఖాళీగా ఉండాలి. నాలుగు టైర్లలోనూ డోరు దగ్గరి స్టిక్కర్‌లో చెప్పినంత గాలి ఉండాలి. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో కూడా రాసుకోండి, 40 లీటర్లంటే దాదాపు 30 కిలోల బరువు.

జాకీ దించిన వెంటనే కొలిస్తే కారు ఎప్పుడూ ఎత్తుగానే కనిపిస్తుంది. గాల్లో వేలాడిన చక్రాలు కొంచెం లోపలికి వచ్చి ఉంటాయి. నేలను తాకాక పక్కకు జరగాలంటే టైరు పట్టు వదలదు, దాంతో బాడీ పైనే ఆగిపోతుంది. కారును వీధి చివరిదాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చి, నాలుగు మూలలనూ చేత్తో రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదిలాక టేపు తీయండి.

తర్వాత నేల సంగతి. తిరుపతిలో ఇంటి ముందు జాగా చాలావరకు కాలువ వైపు వాలుగా ఉంటుంది. పోర్టికో గచ్చు కూడా నీళ్లు పోవాలని కొంచెం ఏటవాలుగానే పోస్తారు. తాపీమేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం ఉంటుంది కదా, లెవెల్ చూసేది. అది తెచ్చి నాలుగు టైర్లు నిలిచే చోట్లా చూసుకోండి. ఆ గొట్టం దొరకకపోతే మరో దారి ఉంది, కింద చెప్తాను.

నాలుగు అంకెలు ఏం చెప్తాయి

లెక్క కోసం ఇలా అనుకుందాం: ముందు ఎడమ 341, ముందు కుడి 333, వెనక ఎడమ 350, వెనక కుడి 342. ముందూ వెనకా కూడా ఎడమ పక్క 8 మి.మీ. ఎత్తు. చాలామంది దీన్ని చూడగానే ‘ముందు కుడి స్ప్రింగు మెత్తబడింది’ అని తేల్చేస్తారు. అంత తొందర వద్దు.

కారు బాడీ గట్టిది, చేత్తో మెలిపెడితే తిరిగేది కాదు. అందుకే ఒక మూలలో తప్పున్నా వాలు ముందూ వెనకా దాదాపు సమానంగానే కనిపిస్తుంది. వెనక ఎడమ మూల పొరపాటున పైకి లేచిందంటే, దానికి ఐమూలగా ఉన్న ముందు కుడి మూల కిందికి దిగుతుంది. మనమేమో దిగిన మూలను పట్టుకుని ఊడదీస్తుంటాం, తప్పు మాత్రం అవతల మూలలో ఉంటుంది.

ముందు ఎడమ పక్క 12 ఎత్తు, వెనక మాత్రం కుడి పక్క 3 ఎత్తు అని వచ్చిందనుకోండి. స్ప్రింగును అనుమానించే ముందు నేలను అనుమానించండి. నాలుగు టైర్లు ఒకే తలంలో లేవన్నమాట. నేను చెప్పిన మరో దారి ఇదే: కారును వేరే చోటికి జరిపి, వచ్చిన దిక్కుకు ఎదురుగా తిప్పి పెట్టి, మళ్లీ కొలవండి. అంకెలు మారితే తప్పు గచ్చుది. ఎక్కడ కొలిచినా మారకపోతే ఫెండర్ చూడండి. ఎప్పుడో దెబ్బ తగిలి డెంటింగ్ చేయించిన ఫెండర్ అంచు నాలుగైదు మి.మీ. తేడాతో కూర్చోవడం అరుదేమీ కాదు.

సరే, వాలు నిజమేనని తేలింది. తప్పు ముందా, వెనకా? కారు మాన్యువల్‌లో ముందు భాగం నడుమ జాకీ పెట్టే చోటు చూపించి ఉంటే, అక్కడ పెట్టి ముందు చక్రాలు నేల వదిలేంత వరకే లేపండి. వెనక చక్రాలకు అడ్డు వేయడం, పక్కన స్టాండ్లు పెట్టడం మరవద్దు, కింద దూరే పని ఏమీ లేదు. ఇప్పుడు బాడీ ముందు వైపు ఒకే బిందువు మీద ఉంది కాబట్టి, ఎడమకో కుడికో ఒరగాలంటే ఆ పని వెనక స్ప్రింగులే చేయాలి. వెనక రెండు పక్కలా కొలవండి. సమానంగా వస్తే తప్పు ముందుంది. తేడా అలాగే ఉంటే తప్పు వెనకుంది. అయిదు నిమిషాల పని, సగం కారు ఊడదీసే శ్రమ తప్పుతుంది.

ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ కారు ఒరగకుండా చూసే కడ్డీ, స్టెబిలైజర్ బార్ కూడా ఒక పక్కను ఎత్తి పట్టగలదు. దాని ఒక కొసనున్న లింక్ విప్పి మళ్లీ కొలిస్తే దాని సంగతి తెలిసిపోతుంది.

చెప్పినంత దిగకపోతే

మొదటి అనుమానితుడు బుష్, అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు. ముందు చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక రెండు చక్రాలనూ కలిపే బీమ్ బోల్టులు చక్రాలు గాల్లో ఉండగానే బిగించేసి ఉంటే, ఆ రబ్బరు వేలాడే స్థితిలోనే పట్టుకుపోతుంది. కారు దిగినప్పుడల్లా మెలితిరుగుతూ బాడీని పైకి నెడుతుంది. కొన్నాళ్లకు రబ్బరు చిరుగుతుంది కూడా. ఆ బోల్టులు వదులు చేసి, కారు బరువు పూర్తిగా చక్రాల మీద పడ్డాక, మాన్యువల్‌లో ఉన్న బిగింపు బలం, అంటే టార్క్‌తో బిగించాలి. నేల మీద ఉన్న కారు కిందికి చెయ్యి పోదు కదా అంటారా? రేణిగుంట రోడ్డు వైపు వాటర్ సర్వీసింగ్ షాపు ఏదైనా చూసి, చక్రాల మీదే నిలబెట్టే ర్యాంపు గానీ గుంత గానీ ఉంటే ‘అన్నా, అరగంట ఇస్తావా’ అని అడగండి. ఇది చేయకుండా కొండెక్కకండి. తిరుమల నుంచి దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదే. ఆ మలుపుల్లో బ్రేకు వేసిన ప్రతిసారీ బరువంతా ముందు ఆర్మ్‌ల మీదికే వస్తుంది.

రెండోది, పోలిక. 30 మి.మీ. అనేది కారుతో వచ్చిన కంపెనీ స్ప్రింగు కొత్తగా ఉన్నప్పటితో పోల్చి చెప్పిన మాట. మీ పాత స్ప్రింగులు ఏళ్ల తరబడి బరువు మోసి అప్పటికే 10 మి.మీ. కుంగి ఉంటే, మీకు కనిపించేది 20 మాత్రమే. పార్ట్ నంబరు కూడా సరిచూడండి. డీజిల్ ఇంజిన్ బరువు ఎక్కువ. డీజిల్ కారు స్ప్రింగులు పెట్రోలు కారుకు వేస్తే ముక్కు దిగదు. తారుమారైతే కావలసినదానికన్నా ఎక్కువే దిగుతుంది.

కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకొన్ని మి.మీ. సర్దుకుంటాయి. కొత్త బండికి పూజ అంటే ఎలాగూ కాణిపాకం పోతాం, రానుపోను సుమారు 140 కిలోమీటర్లు. స్ప్రింగులకూ ఆ మర్యాద చేసి వచ్చి మళ్లీ కొలవండి.

ఒక్క మూలే తేడాగా ఉంటే

ఇప్పుడు ఊడదీయొచ్చు. స్ప్రింగు కింది కొస అది కూర్చునే గిన్నె (సీటు) లోని మెట్టుకు ఆని ఉండాలి. మెట్టు ఎక్కి కూర్చుంటే ఆ మూల లేస్తుంది. పాత రబ్బరు ప్యాడ్ పైనే అంటుకుని ఉండగా కొత్తది వేసేసినా అంతే. ప్యాడ్ వేయడం మరిచిపోతే దిగుతుంది, టకటక శబ్దమూ వస్తుంది. స్ప్రింగు మీది అక్షరాలు తలకిందులుగా ఉంటే మామూలుగా స్ప్రింగే తలకిందులుగా ఉందని అర్థం. కొన్ని మోడళ్లలో ఎడమ, కుడి స్ప్రింగుల నంబర్లు వేరు, అదీ చూడండి.

అంతా సరిగా ఉండి అయిదారు మి.మీ. తేడా మిగిలితే ప్యాడ్‌తో సర్దవచ్చు. ముందు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్ట్రట్‌లో 5 మి.మీ. ప్యాడ్ వేస్తే కారు దాదాపు అంతే లేస్తుంది. వెనక బీమ్‌లో స్ప్రింగు చక్రం కన్నా బీమ్ బాడీకి తగులుకునే బోల్టుకు దగ్గరగా ఉంటే, అదే ప్యాడ్ ఇంకొంచెం ఎక్కువ లేపుతుంది. వెనక లేచి ఉందని స్ప్రింగు చుట్టు కోయించడం మాత్రం నేను ఒప్పుకోను. గ్యాస్ కటింగ్ వేడికి ఆ ఉక్కు పదును పోతుంది, కొస సీటులో కూర్చోదు.

మరీ దిగిపోయి, చిన్న గుంతకే ‘ధడ్’ మంటుంటే కారు బంప్ స్టాప్ (సస్పెన్షన్ చివరిదాకా దిగితే ఆపే రబ్బరు దిమ్మ) మీద ఆని ఉందేమో చూడండి. 2018 స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ., అందులో 30 పోతే 133. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. కాగితం మీద దాటిపోతాం. వీధిలో జనం సొంతంగా పోయించుకున్న సిమెంటు గట్టుకు మాత్రం ఈ లెక్క తెలియదు.

వచ్చే పాఠానికి ముందు మీ నాలుగు కొలతలూ, పెట్రోలు మట్టం, తేదీ ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. వీల్ అలైన్‌మెంటుకు అవి కావాలి. టో, క్యాంబర్ అనే చక్రాల కోణాలు, వాటితో పాటు హెడ్‌లైట్ ఎత్తు 5వ పాఠంలో చూద్దాం.