చేతి సబ్బు గట్టిపడాలంటే, ఎక్కువ రోజులు రావాలంటే

ఇంట్లో చేసుకున్న సబ్బు గురించి వచ్చే ఫిర్యాదులన్నీ "గట్టిగా లేదు" అనే మొదలవుతాయి గానీ, నిజానికి అందులో రెండు వేర్వేరు సమస్యలుంటాయి. బిళ్ల బొటనవేలికి నొక్కుకుపోవడం ఒకటి. రాయిలా గట్టిగా ఉండి కూడా వారం పది రోజులకే అరిగిపోవడం రెండోది. మొదటిదానికి కారణాలు నీటిలోనో, కాస్టిక్ సోడాలోనో, ఆరబెట్టిన తీరులోనో దొరుకుతాయి. రెండోదానికి చాలావరకు నూనెల ఎంపికే కారణం. మన సమస్య ఏదో తేల్చుకోకుండా ఉప్పు, మైనం కలుపుతూ పోతే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. ఇక్కడ చెప్పేదంతా పొయ్యి మీద ఉడికించకుండా, సోడా ద్రావణాన్ని నూనెల్లో కలిపి అచ్చులో పోసే పద్ధతికి వర్తిస్తుంది.

లక్షణం: రెండు రోజులైనా అచ్చు వదలదు, కోస్తే కత్తికి జిగురుగా అంటుకుంటుంది

ముందుగా అనుమానించవలసింది నీటినే. సోడా బరువుకు మూడింతల నీరు పోసేవారు చాలామంది ఉన్నారు; దాన్ని రెండింతలకు తగ్గిస్తే సబ్బు త్వరగా బిగుస్తుంది, తర్వాత ఆరేటప్పుడు వంకరపోవడమూ తగ్గుతుంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బులో కొంత భాగాన్ని కరగని తెట్టుగా మారుస్తాయి కనుక డిస్టిల్డ్ వాటర్ వాడడం మేలు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు చలికి అచ్చులోని మిశ్రమం తగినంత వేడెక్కక బిగియడం ఆలస్యమవుతుంది. పోసిన వెంటనే అచ్చును మందపాటి తువ్వాలుతో కప్పి ఒక రోజు కదపకుండా ఉంచితే సరిపోతుంది. వరంగల్ మే నెల ఎండల్లో మాత్రం ఆ పని చేయకూడదు. వేడి ఎక్కువై సబ్బు మధ్యలో పగులుతుంది.

లక్షణం: నెల దాటినా నొక్కితే గుంట పడుతుంది

ఒక బిళ్లను వారానికోసారి వంటింటి డిజిటల్ కాటా మీద తూచి బరువు రాసిపెట్టుకోండి. బరువు ఇంకా తగ్గుతూనే ఉంటే సబ్బులో లోపం లేదు, అది ఆరడం పూర్తి కాలేదంతే. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. జూన్ తర్వాత వానల్లో ఇంకా ఎక్కువే పట్టవచ్చు. బిళ్లలను పేర్చి డబ్బాలో మూయకుండా, వెదురు తట్టలో ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, నీడలో గాలి ఆడేలా ఉంచాలి. కంపెనీ సబ్బును యంత్రాలతో ఆరబెట్టి, ఒత్తి బిళ్లగా చేస్తారు కాబట్టి మూడు వారాల చేతి సబ్బును దానితో పోల్చడం న్యాయం కాదు.

బరువు నిలకడగా ఉండి కూడా మెత్తగానే ఉంటే, సోడాతో కలవకుండా మిగిలిపోయిన నూనె ఎక్కువైందని అర్థం. లెక్కలో ఐదు శాతం మిగిలితే చాలు. లెక్క సరిగ్గానే ఉంటే సోడా పాతబడిందేమో చూడాలి, ఎందుకంటే మూత సరిగా లేని డబ్బాలో అది గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గడ్డకడుతుంది, బలం కోల్పోతుంది. అలాంటప్పుడు అందాజాగా నాలుగు చెంచాలు ఎక్కువ వేయడం చర్మానికి ప్రమాదం. కొత్త డబ్బా తెచ్చుకోవడమే పరిష్కారం.

లక్షణం: గట్టిగానే ఉంది, కానీ నిలవదు

కొబ్బరినూనె ఎక్కువగా వేసినవారికి ఎదురయ్యే సమస్య ఇది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వల్ల సబ్బు ఒక్కరోజులోనే గట్టిపడుతుంది, నురగ దండిగా వస్తుంది, కానీ ఆ సబ్బు నీటిలో అంతే సులభంగా కరిగిపోతుంది. ఎక్కువ రోజులు నిలిచే గుణం పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలది. అవి పామాయిల్‌లో, వనస్పతిలో, మన ఏజెన్సీ ప్రాంతాల్లో తీసే ఇప్పనూనెలో బాగా ఉంటాయి. చల్లబడితే పేరుకునే ఇప్పనూనె ఈ పనికి పామాయిల్ కన్నా నయమని నా అభిప్రాయం. పొద్దుతిరుగుడు, కుసుమ, పత్తిగింజల నూనెల్లో లినోలిక్ ఆమ్లం ఎక్కువ. వాటితోనే చేసిన సబ్బు మెత్తగా ఉండడమే కాక, కొన్నాళ్లకు నారింజ రంగు మచ్చలు పడి ముక్కవాసన కొడుతుంది.

కిలో నూనెలకు నేను సూచించే పాళ్లు ఇవి: కొబ్బరి 300 గ్రాములు, పామాయిల్ 350, పల్లి లేదా నువ్వుల నూనె 300, ఆముదం 50. దీనికి సోడా 144 గ్రాములు, నీరు 288 గ్రాములు. పల్లినూనెలో సగం తీసేసి ఇప్పనూనె వేసుకోవచ్చు. ఇంతకు మించి నూనెలు మార్చదలచుకుంటే సోడాను మళ్లీ లెక్కగట్టక తప్పదు; గ్రాము కొబ్బరినూనెకు 0.183 గ్రాముల సోడా పడితే పల్లినూనెకు సుమారు 0.136 చాలు. ఆముదం పది శాతం దాటితే బిళ్ల జిగటగా తయారవుతుంది. కిలో నూనెలకు 10 గ్రాముల ఉప్పును, సోడా వేయకముందే నీటిలో కరిగిస్తే అచ్చులోంచి తీయడం సులువవుతుంది, కానీ అరుగుదల మాత్రం దానివల్ల తగ్గదు.

సోడాను నీటిలో వేయాలే తప్ప సోడా మీద నీరు పోయకూడదు. సిల్వర్ గిన్నెలు, అంటే అల్యూమినియంవి, అస్సలు వాడకూడదు. సోడా వాటిని తినేస్తూ మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. స్టీలు గిన్నె, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

పాళ్లు సరిగ్గా ఉన్నా నిలవకపోతే సబ్బుపెట్టెను తిప్పి చూడండి. అడుగున రంధ్రాలు లేక నీరు నిలిచి, బిళ్ల కింది వైపు జావగా మారి ఉంటుంది. జాలీ ఉన్న పెట్టె వాడి, పెద్ద బిళ్లను సగానికి కోసి ఒక ముక్కనే బయట పెడితే తేడా తెలుస్తుంది.

లక్షణం: వానాకాలంలో పైన చెమట బొట్లు

సబ్బులోనే ఉండే గ్లిజరిన్ గాలిలోని తేమను లాగడం వల్ల వచ్చేవి. తుడిచి ఫ్యాను గాలికి పెట్టండి, సబ్బు చెడిపోలేదు.

లక్షణం: కోస్తుంటే పొడిపొడిగా విరిగిపోతుంది

కొబ్బరినూనె లేదా ఉప్పు ఎక్కువైన సబ్బును ఆలస్యంగా కోస్తే ఇలాగే అవుతుంది. తర్వాతి విడత ఇంకా కాస్త వెచ్చగా ఉండగానే కోయాలి. ఆ రెండూ కాకపోతే సోడా ఎక్కువైందేమోనని అనుమానించాలి. తూకం కాగితం తీసి లెక్క మళ్లీ చూసుకోండి, తేలేవరకు ఒంటికి రాసుకోవద్దు. ఎంత ఎక్కువైందో తెలిస్తే దానికి సరిపడా నూనె చేర్చి, తురిమిన సబ్బును కొద్ది నీటితో సన్నని మంట మీద ఉడికించి మళ్లీ అచ్చు పోయవచ్చు. ఎంతో తెలియకపోతే పారేయడమే మంచిది.