కాంపోజిటింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్? ముందు మీ మొండి షాట్ బయటికి తీయండి

కాంపోజిటింగ్‌కి, అంటే వేర్వేరు దృశ్యాల్ని ఒకే షాట్‌లో కలిపే పనికి, "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగితే ఎవరు వాడేది వాళ్లకి మంచిది, ఆ చర్చ తెల్లారినా తెగదు. దాన్ని పక్కనపెట్టి, మీ ప్రాజెక్టులో మిమ్మల్ని బాగా భయపెడుతున్న షాట్ ఏదో చూసుకోండి. జుట్టు గాల్లో ఎగురుతున్న గ్రీన్ స్క్రీన్ షాటా, త్రీడీ పాసులన్నీ (నీడ, మెరుపు లాంటివి విడివిడిగా రెండర్ చేసినవి) కలపాల్సిందా, లేక టైటిల్స్, లోగోలు, కదిలే అక్షరాలేనా?

మూడోదే అయితే ఎక్కువ ఆలోచించకండి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తీసుకోండి. టైమ్‌లైన్ మీద లేయర్లు పేర్చుకుంటూ పోవడంలో ఉన్న హాయి నోడ్స్‌లో (ఒక్కో పనికి ఒక్కో పెట్టె, వాటిని తీగలతో కలిపే పద్ధతి) ఉండదు.

మొదటి రెండూ అయితే నా ఓటు నోడ్స్‌కే. ఒకసారి ఇలాంటి షాట్ లేయర్లలో చేశాను, ప్రీకాంప్ (కొన్ని లేయర్లని కట్టగట్టిన మూట) లోపల ప్రీకాంప్ పెట్టుకుంటూ ఐదు మెట్లు దిగాక, డెలివరీకి ముందు రోజు రాత్రి "ఆ భుజం అంచు కొంచెం మెత్తగా చేయండి" అన్నారు, కీ (గ్రీన్ స్క్రీన్‌ని తీసేసే ఎఫెక్ట్) ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికే గంట పట్టింది, తీరా మార్చాక పాత మ్యాట్‌తో (మనిషి ఆకారాన్ని వేరుచేసే నలుపు తెలుపు ముసుగు) చేసిన నీడ అలాగే ఉండిపోయింది. అదే నోడ్స్‌లో అయితే కీయర్ నుంచి ఒక తీగ రంగు సరిచేసే నోడ్‌కి, ఇంకోటి మ్యాట్‌ని బ్లర్ చేసి నీడగా మార్చే నోడ్‌కి వెళ్తుంది. అంచు మారిస్తే నీడ దానంతటదే మారుతుంది.

నోడ్స్‌లో ప్రధానంగా రెండు దారులు. వీఎఫ్ఎక్స్ స్టూడియోతో షాట్లు పంచుకునే పనైతే వాళ్లు ఏది వాడతారో ముందే అడగండి, చాలాసార్లు న్యూక్ అనే చెప్తారు. దాని ఉచిత నాన్‌కమర్షియల్ వెర్షన్ నేర్చుకోవడానికే, 1920×1080 దాటి రెండర్ ఇవ్వదు, డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. ఒంటరిగానో చిన్న టీమ్‌తోనో చేస్తుంటే ఫ్యూజన్ చాలు. 2018లో వచ్చిన డావిన్చీ రిజాల్వ్ 15 నుంచి అది అందులోనే ఉంది, ఎడిటింగ్, కలర్ కూడా అక్కడే అయిపోతాయి. బ్లెండర్‌లోనూ నోడ్ కాంపోజిటర్ ఉంది, త్రీడీ అంతా అందులోనే చేసేవాళ్లు ఒకసారి చూడొచ్చు.

రంగు దగ్గర మాత్రం ఓపిక పట్టండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 8 బిట్‌లో ఒక్కో ఛానెల్‌కి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) 256 మెట్లే, సాయంత్రం ఆకాశం రంగుని కాస్త మారిస్తే చారలు పడతాయి. న్యూక్ ఎప్పుడూ 32 బిట్ ఫ్లోట్‌లోనే (దశాంశాలతో, ఎంతో సూక్ష్మంగా) లెక్కలు చేస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆ సెట్టింగ్ మనమే పెట్టుకోవాలి, పెట్టాక కొన్ని ఎఫెక్టులు 32 బిట్‌కి పనికిరావని పసుపు గుర్తు చూపిస్తాయి. మీరు నమ్ముకున్న ప్లగిన్ అందులో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి, ట్రయల్ వెర్షన్లు ఉన్నది అందుకే.

ట్రయల్‌లో చేయాల్సిన మొదటి పని కీ కాదు. కెమెరా ప్లేట్‌ని (కెమెరాలో తీసిన అసలు షాట్) లోపలికి తెచ్చి, ఏమీ ముట్టుకోకుండా డెలివరీ ఫార్మాట్‌లోనే బయటికి రాసి, ఎడిటింగ్‌లో అసలు ప్లేట్ మీద పెట్టి బ్లెండ్ మోడ్ డిఫరెన్స్‌కి (రెండిటి మధ్య తేడానే చూపేది) మార్చండి. తెర మొత్తం నల్లగా ఉంటే సరే. కంప్రెషన్ వల్ల అక్కడక్కడా సన్నటి చుక్కలు కనిపించినా పర్లేదు. మనిషి ఆకారం దెయ్యంలా కనిపించిందంటే మాత్రం కలర్ స్పేస్ (రంగుల్ని అంకెల్లో రాసే పద్ధతి) ఎక్కడో తేడా కొట్టింది, అది తేలేదాకా రోటో (ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఆకారం చేత్తో గీయడం) జోలికి వెళ్లకండి.