పాత సెడాన్‌కు పర్ఫార్మెన్స్ టైర్లు కొనేముందు

– డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ ఫోటో తీసుకోండి. సైజు, గాలి ఎంతుండాలో అందులో ఉంటుంది.

– టైరు పక్కన తయారీ తేదీ చూడండి. 1425 అంటే 2025లో 14వ వారం. ఆఫర్ అంటూ పాత స్టాక్ అంటగడితే వద్దనండి. వరంగల్ ఎండలకు రబ్బరు తొందరగా గట్టిపడుతుంది.

– లోడ్, స్పీడ్ రేటింగ్ కారు కంపెనీ చెప్పినదానికి తగ్గొద్దు. 91వి అంటే ఒక్కో టైరుకు గరిష్ఠంగా 615 కిలోలు, గంటకు 240 కిలోమీటర్లు. హైదరాబాద్ రోడ్డు మీద అంత వేగం ఎవరికి కావాలి? తడిలో పట్టు, బ్రేకింగ్ గురించి అడగండి.

– టైరు పక్క గోడ (రిమ్ నుంచి రోడ్డు వైపు ఉండే రబ్బరు ఎత్తు) మరీ పొట్టిదైతే గుంతల్లో రిమ్ వంగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, అంతే.

– షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) అరిగి ఉంటే ముందు అవి మార్పించండి.

– రెండే కొంటే కొత్తవి వెనక వేయించండి. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పనిసరి.