స్టేజ్ గిటార్ కొనే ముందు కేబుల్ పెట్టి వినండి

ప్రోగ్రాముల కోసం ఎలక్ట్రో అకౌస్టిక్ గిటార్ కొంటుంటే, చేతిలో తియ్యగా మోగిందని అక్కడే డబ్బు కట్టేయకండి, జనానికి వినపడేది పికప్ (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) శబ్దమే. యాంప్‌కి కలిపి, ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి సర్దే) నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి ఆరు తీగలూ ఒకే బలంతో మీటండి. ఏదైనా ఒకటి మూగగా ఉంటే చాలాసార్లు శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నని పట్టీ) కింద ఉండే పీజో పికప్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. గట్టిగా స్ట్రమ్ చేసి కూడా వినండి.

అసలు పరీక్ష ఫీడ్‌బ్యాక్, అంటే యాంప్ శబ్దం మళ్లీ గిటార్‌లోకి వెళ్లి హోరు పుట్టడం. యాంప్ ఎదురుగా నిలబడి వాల్యూమ్ పెంచుతూ పోండి, పెద్ద బాడీ గిటార్లు తరచుగా 100 హెర్ట్జ్ దగ్గర, అంటే ఐదో తీగ 110 హెర్ట్జ్ స్వరానికి కాస్త కింద హోరెత్తుతాయి, అప్పుడు ఫేజ్ బటన్ (సిగ్నల్‌ను తిరగేసేది), నాచ్ ఫిల్టర్ (ఒక్క ఇరుకైన ఫ్రీక్వెన్సీని తగ్గించేది) ఆ హోరును ఆపుతున్నాయో లేదో చూడండి. జాక్ కదిపితే గరగర వస్తే మాత్రం వద్దు. ఇంకోటి, చాలా మోడళ్లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించాక కేబుల్ తీసేయండి.